మేకపోతుల ప్రశ్నపత్రం

ఆ ఆదివారం ఉదయం నర్‌బీర్ మాస్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. గేదె పాలు పితకాలి. టీ తాగాలి. పొయ్యి పక్కన పీట వేసుకుని పదో తరగతి అర్ధసంవత్సర పరీక్షకు ఇంగ్లీషు ప్రశ్నపత్రం రాయాలి. ఆ కొండల్లో బడికి సెలవు శనివారమే, ఆదివారం కాదు; బడిగంట కొట్టేలోగా దాన్ని తీసుకెళ్ళి హెడ్‌సర్ చేతిలో పెట్టాలి. అంతే.

పాలు అయ్యాయి, టీ అయింది. పదాలకు అర్థాలు, వ్యతిరేకాలు రాశాడు. ఖాళీలు పూరించేవి, వాక్యాలు మార్చేవి రాశాడు. వ్యాకరణం దగ్గర ఆయనకెప్పుడూ ఇబ్బంది లేదు. దుక్కి దున్నినట్టు చాలు పక్కన చాలు పడిపోతుంది. 'కింది భాగాన్ని చదివి ప్రశ్నలకు జవాబులు రాయండి' అన్న మాట దగ్గరికి వచ్చేసరికి కలం ఆగింది.

ప్రతి ఏడూ అక్కడ గైడులోంచి పెంగ్విన్‌ల గురించి ఒక పేరా వేసేవాడు. కాఫల్‌డాండా పిల్లలు ప్రశ్నలో ఉన్న మాట పేరాలో ఎక్కడుందో వెతికి, ఆ వాక్యాన్ని ఎత్తి జవాబు కింద దింపేసేవాళ్ళు. పెంగ్విన్ ఏం తింటుందో అందరూ సరిగ్గా రాసేవాళ్ళు. అది పక్షో, చేపో అడిగితే మాత్రం కిటికీలోంచి కొండకేసి చూసేవాళ్ళు.

మొన్న శుక్రవారం హెడ్‌సర్ హేమలాల్ గ్యవాలీ ఈ సంగతే ఎత్తాడు.

"నర్‌బీర్ సర్, మీ పిల్లలు బట్టీ కొడతారు, అర్థం మాత్రం ఒక్క ముక్క తెలీదు. వచ్చే శనివారం విద్యాధికారి శారదా మిస్ వస్తోంది. పుట్టింటికి పోతూ దారిలో ఆగుతుందట. పదో తరగతి ఇంగ్లీషు జవాబుపత్రాలు తనే చూస్తానంది. ఈసారీ ఇదే కథయితే నేనేం చెయ్యలేను. తాన్‌సేన్ బజారులో ట్యూషన్ చెప్పే కుర్రాడు ఉన్నాడు, అతనికి ఇచ్చేస్తా. మావాడు అతని దగ్గరే చదువుతున్నాడు, ఎంత మారాడనుకున్నారు! మీరు మూడో తరగతికి పోయి అక్షరాలు దిద్దించండి."

"సరే సర్," అన్నాడు నర్‌బీర్. ఆయన ఎప్పుడూ అంతకు మించి అనడు.

కానీ ఆ పూట మొక్కజొన్న ఢిడో ముద్ద సగం గేదె కుడితిలో వేసేశాడు. ఇదే రేకుల కప్పు కింద, ఇదే పదో తరగతిలో ఇంగ్లీషు తప్పి, మళ్ళీ రాసి గట్టెక్కినవాడు ఆయన. అదే గదిలో అదే పాఠం తను నిలబడి చెప్పడం తన బతుకులో జరిగిన పెద్ద సంగతి అనుకుంటాడు. ఎవరితోనూ అనలేదు, అది వేరే మాట.

కలం పట్టుకుని అలా కూర్చుని ఉండగా పెరట్లోంచి మేకపోతు అరిచింది. దశైన్ పండక్కి కత్తి తప్పించుకున్న గర్వమంతా ఆ అరుపులో ఉంది. నర్‌బీర్ దానికేసి కాసేపు చూశాడు. తర్వాత గైడు మూసేసి ఇంగ్లీషులో ఒక నోటీసు రాశాడు.

'మేకపోతుల పోటీ. వచ్చే శనివారం ఉదయం పది గంటలకు స్కూలు మైదానంలో జరుగును. అందంలోనూ ఆరోగ్యంలోనూ మేటి అయిన మేకపోతుకు రాగి బిందె బహుమతి. మెడలో బంతిపూల దండ ఉండవలెను. మేత ఎవరిది వారే తెచ్చుకొనవలెను. ఆడమేకలను తీసుకురాకూడదు. వచ్చిన వారందరికీ టీ, సేల్‌రోటీ ఇవ్వబడును.'

నోటీసన్నాక కింద ఎవరిదో ఒక పేరుండాలి. తన పేరు పెట్టుకోవడం బాగుండదని హెడ్‌సర్ పేరు పెట్టాడు.

తర్వాత ప్రశ్నలు. ఎప్పుడు, ఎక్కడ, ఏం తేవాలి. చివరిది మాత్రం తీరిగ్గా రాశాడు: 'ఆడమేకలను ఎందుకు తీసుకురాకూడదు?' దీనికి జవాబు నోటీసులో లేదు. ఎత్తి దింపడానికి అక్కడ వాక్యం లేదు. నర్‌బీర్ మీసం కింద కొంచెం నవ్వుకుని, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

హెడ్‌సర్ లెక్కల మనిషి. ఇంగ్లీషు కాగితాన్ని పొడవు చూసి, వెడల్పు చూసి, బాగుందన్నాడు. నకళ్ళు తీయించి ప్రతి కాగితం మీదా స్కూలు ముద్ర కొట్టాడు. ఒకసారి బజారులో దొంగ ప్రశ్నపత్రాలు తిరిగినప్పటి నుంచి ఆ స్కూల్లో అది ఆచారం. ఊదారంగు గుండ్రటి ముద్ర. కాఫల్‌డాండాలో ఆ ముద్ర పడిన కాగితం చూపిస్తే ఉపకారవేతనం వస్తుంది, పౌరసత్వం కాగితం కదులుతుంది, పెళ్ళిసంబంధం కూడా ఒకటి రెండు కుదిరాయి. ముద్ర ఉంటే మాట నిజమే. ఆ ఊళ్ళో దాని మీద ఎవరికీ అనుమానం లేదు.

మంగళవారం పరీక్ష జరిగింది. పిల్లలు ఈసారి కిటికీలోంచి కొండను చూడలేదు. మధ్యలో ఒకరిద్దరు కిసుక్కుమన్నారు కూడా. జవాబుపత్రాలు కట్టకట్టి స్టాఫ్‌రూమ్ మూలన పెట్టాడు నర్‌బీర్. ప్రశ్నపత్రాలు పిల్లల వెంట ఇళ్ళకు పోయాయి.

బుధవారం పొద్దున్న గడ్డిమోపుతో వస్తుంటే మలుపు దగ్గర ధనమాయ బోజు ఎదురైంది. ఊరందరికీ ఆవిడ నాయనమ్మ వరస. మనవరాలు సిర్జనా పదో తరగతి.

"మాస్టరు బాబూ, ఒక్క మాట చెప్పు. మేకపోతంటే ఏ రంగు మంచిది?"

నర్‌బీర్ ఆలోచించాడు. ముసలావిడ కొనబోతోంది కాబోలు.

"నలుపు."

"నలుపేనా? తెలుపు పనికిరాదా?"

"నలుపు బాగుంటుంది బోజూ."

బోజు నిట్టూర్చింది. ఆవిడ మేకపోతు తెల్లది. నర్‌బీర్ గడ్డిమోపు సర్దుకుని వెళ్ళిపోయాడు. మధ్యాహ్నానికల్లా నదికి అవతలి ఊళ్ళో కూడా నల్ల మేకపోతుల గిరాకీ పెరిగింది. మాస్టరు నోటితోనే అన్నాడట.

గురువారం వార్డు అధ్యక్షుడు జిత్‌బహదూర్ మొహం గంటు పెట్టుకుని స్కూలుకు వచ్చాడు.

"ఏం హెడ్‌సర్, శనివారం అంత పెద్ద కార్యక్రమం పెట్టుకుని వార్డు ఆఫీసుకి ఒక్క మాట చెప్పరా? మా మేనల్లుడు చదివి చెబితే తెలిసింది. నేను అంత కానివాణ్ణా?"

హెడ్‌సర్ కంగారుపడ్డాడు. విద్యాధికారి వస్తున్న సంగతి ఇంత దూరం పాకిందా!

"అయ్యో దాయ్, పెద్దన్నలాంటివారు, అదేం మాట! చిన్న కార్యక్రమం కదా అని... మీరు రాకపోతే ఎలా? మీరే ముందుండాలి."

"ప్రసంగం?"

"మీదే."

"మరి ఎవరు గెలుస్తారో తేల్చేది ఎవరు?"

"అదంతా వచ్చే మిస్ చూసుకుంటుంది దాయ్. ఆవిడ చేతిలోనే ఉంది మా నర్‌బీర్ సర్ గతి." హెడ్‌సర్ గొంతు తగ్గించాడు.

"ఓహో, మాస్టరు కూడా దిగాడా పోటీలోకి!" అన్నాడు జిత్‌బహదూర్. ఆయన పోతూ పోతూ ముఖ్య అతిథికి కండువా కొనుక్కుని పోయాడు, తనకే.

శుక్రవారం సాయంత్రం నర్‌బీర్ భార్య తులసా పెద్ద గుండిగలో బియ్యం నానబోసింది. నర్‌బీర్ చూశాడు. ఇంట్లో అంత బియ్యం ఎప్పుడూ నానలేదు. అడుగుదామనుకుని ఊరుకున్నాడు. తులసా ఆమాసమూహ్ నాయకురాలు. ఊరి ఆడవాళ్ళంతా కలిసి ఏదో ఒకటి చేస్తూనే ఉంటారు. ఆవిడా ఏమీ చెప్పలేదు. నోటీసు రాసినవాడికే చెప్పేదేముంటుంది? ఆ ఇంట్లో ప్రశ్నలడగడం బడి పని.

ఆవిడ ఒక్క ప్రశ్న మాత్రం హెడ్‌సర్‌ను అడిగింది, దారిలో.

"రోటీలు పెట్టివ్వడానికి కాగితాలు కావాలి హెడ్‌సర్."

విద్యాధికారికి రోటీలు కూడా చేస్తున్నారని హెడ్‌సర్‌కు ముచ్చటేసింది. "స్టాఫ్‌రూమ్ మూలన పాత పరీక్ష కాగితాల కట్ట ఉంటుంది, తీసుకోండమ్మా," అన్నాడు. పాత జవాబుపత్రాలు ఆమాసమూహ్‌కే ఇవ్వడం ఏటా ఉన్నదే.

శనివారం వచ్చింది. మంచు కరిగి ఎండ మైదానంలోకి దిగుతున్న వేళకు నర్‌బీర్ ఎర్రసిరా కలం జేబులో పెట్టుకుని స్కూలు మెట్లెక్కాడు. పై మెట్టు మీద ఆగిపోయాడు.

మైదానం నిండా మేకపోతులు.

నల్లవి, బూడిదవి, గడ్డాలున్నవి, కొమ్ములకు రిబ్బన్లున్నవి. ప్రతిదాని మెడలోనూ బంతిపూల దండ. ప్రతిదీ పక్కదాని దండ తింటోంది. అవతలి గట్టు నుంచి వేలాడే వంతెన మీదుగా ఇంకా వస్తూనే ఉన్నాయి. ఒక పక్క తులసా, ఆమాసమూహ్ ఆడవాళ్ళు పొయ్యి పెట్టి, గాజుల్లా గుండ్రటి బియ్యప్పిండి రోటీలు నూనెలోంచి తీస్తున్నారు. వాసన కమ్మగా ఉంది. 

సిర్జనా పరిగెత్తుకొచ్చింది. "సర్, మీ మేకపోతేది?"

"ఏమిటమ్మా ఇదంతా?"

"పోటీ కదా సర్! మీరేగా రాశారు."

"అది పరీక్షమ్మా... ఊరికే రాశాను."

సిర్జనా ఆయనకేసి వింతగా చూసింది. "పరీక్షలో అబద్ధం ఇస్తారా సర్? ముద్ర కూడా ఉందిగా!"

నర్‌బీర్ ఆ నోటీసును మనసులో పైనుంచి కిందిదాకా మళ్ళీ చదువుకున్నాడు. దీనికి జవాబు కూడా అందులో లేదు.

ఇంతలో హెడ్‌సర్ కోటు గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. మైదానం చూసి, గుండీ వదిలేశాడు.

"ఎవరయ్యా వీటిని తోలుకొచ్చింది? విద్యాధికారి వచ్చే వేళకు సంతా ఇది?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. హెడ్‌సర్ హాస్యమాడుతున్నాడు అనుకున్నారు. జిత్‌బహదూర్ కండువాతో ఎదురొచ్చి చేయి పట్టుకున్నాడు.

"ఏర్పాట్లు అదిరాయి హెడ్‌సర్. బహుమతి ఏది? రాగి బిందె?"

"ఏం బిందె?"

"బాగుంది! కింద మీ పేరేగా ఉంది?"

హెడ్‌సర్ నర్‌బీర్‌ను పక్కకు లాగాడు. "ఏం రాశారు సర్ మీరు?"

నర్‌బీర్ జేబులోంచి ప్రశ్నపత్రం తీసి చూపించాడు. హెడ్‌సర్ తన పేరు చదివాడు. దాని పక్కనే తన చేత్తో కొట్టిన ముద్ర చూశాడు. ఏదో అనబోయాడు గానీ, ఈలోగా మేకపోతుల మధ్య ఇరుక్కుని ఒక మోటారుసైకిలు హారన్ కొట్టింది.

శారదా మిస్ దిగింది. వీపున పుట్టింటికి తీసుకెళ్ళే సంచి, మొహాన దుమ్ము. పొద్దుటి నుంచి ఏమీ తిన్నట్టు లేదు. "ఇదేం పండగ?" అనేలోపే తులసా ఆవిడ చేతిలో వేడివేడి సేల్‌రోటీ కాగితం మీద పెట్టింది. ఆవిడ ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. హెడ్‌సర్‌కు ప్రాణం లేచొచ్చింది.

"నడవండి, తింటూ మాట్లాడుకుందాం. జవాబుపత్రాలు ఎక్కడున్నాయి?" అంది మిస్.

"స్టాఫ్‌రూమ్‌లో మిస్, కట్టకట్టి సిద్ధంగా..."

మిస్ రోటీ ఎత్తి కాగితంకేసి చూసింది. దగ్గరగా పెట్టుకుని మళ్ళీ చూసింది.

"ఇది పదో తరగతి ఇంగ్లీషు. మంగళవారం తేదీ. దిద్దలేదింకా."

అందరూ ఎవరి చేతిలో రోటీ వాళ్ళు చూసుకున్నారు. మైదానంలో నిలబడ్డ ప్రతి మనిషి చేతిలోనూ ఒక జవాబుపత్రం ఉంది, నడిమధ్య నూనె సున్నాతో.

"నేను చెప్పింది పాత కట్ట!" అన్నాడు హెడ్‌సర్ తులసాతో.

"మూలన కట్ట అన్నారు, మూలన ఉన్నదే తీశాను. అందులో పాతదేదో కొత్తదేదో నాకెట్టా తెలుస్తుంది?"

హెడ్‌సర్ నర్‌బీర్ వైపు తిరిగాడు. కోపం ఎవరి మీద చూపించాలో ఆయనకప్పటికి తేలింది. "అయిపోయింది సర్. పరీక్షా పోయింది, పేపర్లూ పోయాయి. ఇంక మీరు ఏం చూపించి మీ తరగతి అడుగుతారు? సోమవారం నుంచి మూడో తరగతి."

"సరే సర్," అన్నాడు నర్‌బీర్. ఈసారి అది కూడా సరిగ్గా వినపడలేదు. జేబులో ఎర్రసిరా కలాన్ని వేళ్ళతో తడుముకున్నాడు.

శారదా మిస్ వినలేదు. నర్‌బీర్ దగ్గర ప్రశ్నపత్రం అందుకుని, రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువుతోంది. నూనె మరకలోంచి అక్షరాలు ఇంకా బాగా కనబడుతున్నాయి.

"'ఆడమేక వస్తే మేకపోతులకు పోటీ మీద ధ్యాస ఉండదు.' ఇది నోటీసులో ఉందా?"

"లేదు మిస్," అన్నాడు నర్‌బీర్.

"అధ్యక్షుల వారూ, మీ రోటీ కాస్త ఎత్తండి." జిత్‌బహదూర్ ఎత్తాడు. మిస్ తలవంచి చదివింది. "'ఆడమేకను చూస్తే మేకపోతు తాడు తెంపుకుంటుంది. పోయిన ఏడు మాది అట్లాగే పోయింది.'" పక్కనున్న ముసలాయన చేతిలోది చూసింది. "'అవి కొట్టుకుంటాయి. అందం పోతుంది. బహుమతి ఎవరికివ్వాలో తెలీదు.'" మిస్ మొహంలో దుమ్ము కింద నుంచి నవ్వు బయటికొచ్చింది. "ఒకటి రాసినట్టు ఒకటి లేదు. పేరాలో లేని జవాబు అడిగితే చాలా బళ్ళలో ఆ చోటు ఖాళీగా వదిలేస్తారు. అందరూ వినండి! రోటీ తినడం అయ్యాక కాగితం నాకు తిరిగివ్వాలి!"

అంతటితో ఆగలేదు ఆవిడ. ధనమాయ బోజు దగ్గరికి పోయింది.

"బోజూ, ఎన్ని గంటలకు రమ్మన్నారు?"

"పదింటికి. నేను తొమ్మిదికే వచ్చా."

"వెంట ఏం తెమ్మన్నారు?"

"దండ, మేత. మేత వాళ్ళివ్వరంట. మనుషులకైతే రోటీ ఇస్తారంట, అది మాత్రం నిజమే."

"ఆడమేకలు ఎందుకొద్దన్నారు?"

బోజు మిస్‌ను పైనుంచి కిందిదాకా చూసింది. "పెళ్ళయిందా నీకు?"

మైదానం గొల్లుమంది. మిస్ కూడా నవ్వింది. "ఇదంతా నీకెవరు చెప్పారు బోజూ?"

"మా సిర్జనా. కాగితం చూసి గడగడా మన మాటలో చెప్పేసింది."

హెడ్‌సర్ ఇంకా ఒప్పుకోలేదు. "ఒకరు చెబితే ఊరంతా విన్నట్టుంది మిస్. పిల్లలందరికీ అర్థమయిందని ఎలా అనుకుంటాం? ట్యూషన్ కుర్రాడి పద్ధతే వేరు, మావాణ్ణి చూస్తే మీకే..."

అప్పుడే గేటు దగ్గర కలకలం రేగింది. హెడ్‌సర్ భార్య గోమా వస్తోంది. పట్టుచీర కట్టింది. చేతిలో తాడు. తాడు చివర బంతిపూల దండ వేసుకుని, కొమ్ములకు నూనె రాసుకుని, మిసమిసలాడే ఆడమేక.

నర్‌బీర్‌కు తన చివరి ప్రశ్నకు జవాబు కళ్ళెదుట కనబడింది. మైదానంలోని గడ్డాలన్నీ ఒక్కసారి గేటువైపు తిరిగాయి. తర్వాత తాళ్ళు తెగాయి. జిత్‌బహదూర్ కండువా ఒక కొమ్ము మీద ఎగురుకుంటూ మెట్లు దిగిపోయింది. మిస్ టీబల్ల ఎక్కింది. తులసా రోటీల గిన్నె ఎత్తుకుంది. "పట్టుకోండ్రా!" అని అందరూ అరిచారు గానీ ఎవరు ఎవరిని పట్టుకోవాలో తేలలేదు.

దుమ్ము కొంచెం అణిగాక బల్ల మీంచే మిస్ అడిగింది. "అమ్మా, ఆడమేకను తేవద్దని రాసుందిగా?"

గోమా ఆయాసపడుతోంది. "మావాడు చదివి ఆడమేకలే తెమ్మన్నాడు! తాన్‌సేన్‌లో ట్యూషన్ చదివేవాడు తప్పు చెబుతాడా? పోటీ పెట్టిన ఇంటి మేకంటే నలుగురూ ఏమన్నా అంటారని ఈయనకు కూడా చెప్పకుండా తెచ్చాను."

అందరూ హెడ్‌సర్‌కేసి చూశారు. ఆయన తన కోటు గుండీలు పైనుంచి కిందికి ఒక్కొక్కటే పెట్టుకున్నాడు.

"హెడ్‌సర్," అంది మిస్ నెమ్మదిగా, "పదో తరగతి ఇంగ్లీషు ఎవరు చెప్పాలో ఇంకా మాట్లాడుకోవాలా?"

"నర్‌బీర్ సరే చెబుతారు మిస్. మొదటి నుంచీ నా ఉద్దేశం కూడా అదే," అన్నాడు హెడ్‌సర్.

నర్‌బీర్ అటు తిరిగి రోటీ అడిగాడు. తులసా రెండు పెట్టింది. తన పిల్లల్లాగే కొండకేసి చూస్తూ, తునక తునకగా తుంచుకుని తిన్నాడు.

ఇక బహుమతి మిగిలింది. మైదానంలో కదలకుండా నిలబడ్డ మేకపోతు ఒక్కటే, ధనమాయ బోజుది. ఆడమేక ముక్కు ముందు నుంచి పోయినా తలెత్తలేదు. దానికి ఆ వయసు ఎప్పుడో దాటిపోయింది. మిస్ బల్ల దిగి వచ్చి దాన్నే గెలిపించి, మెచ్చుకుంటూ వీపు నిమిరింది. అరచేయి నల్లగా అయింది. నిమిరినంత మేరా మేకపోతు తెల్లబడింది.

"పొయ్యి మసి," అంది బోజు ఏ మాత్రం తడబడకుండా. "మాస్టరు బాబే నలుపు బాగుంటుందన్నాడు."

రాగి బిందె హెడ్‌సర్ ఇంట్లోంచే వచ్చింది. గోమా దాన్ని ఇస్తూ మొగుడి వైపు చూసిన చూపును ఎవరూ ఇంగ్లీషులోకి మార్చలేకపోయారు.

ఆ రోజు నుంచి హెడ్‌సర్ ఏ ప్రశ్నపత్రాన్నీ చదవకుండా ముద్ర కొట్టడం లేదు. తర్వాతి పరీక్షకు ఆయన దగ్గరుండి మరీ పెంగ్విన్‌ల పేరానే వేయించాడు.

ఆ పరీక్ష తర్వాత వచ్చిన శనివారం పొద్దున్న ధనమాయ బోజు కొండవాగులో పట్టిన చేపలు నాలుగు ఆకులో చుట్టుకుని స్కూలు మైదానానికి వచ్చి, పెంగ్విన్‌ల కోసం మధ్యాహ్నం దాకా కూర్చుని వెళ్ళింది.